తేలిక ల్యాప్‌టాపు: కొనువారి కోరికలు, ప్రకృతి నియమములు

జూన్, జూలై మాసములు వచ్చుసరికి శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలోని కళాశాల ఉపాధ్యాయులకు పాఠములతో పాటు మరియొక పని తగులుచుండును. ఇంజనీరింగులోనో, డిగ్రీలోనో క్రొత్తగా చేరిన పిల్లలును, వారి తల్లిదండ్రులును వచ్చి, ఏ ల్యాప్‌టాపు కొనవలెనని అడుగుదురు. క్రిందటి సంవత్సరము వజ్రపుకొత్తూరు వైపునుండి ఒక తండ్రి తన కుమార్తెతో వచ్చినాడు. “మేష్టారండీ, పాప రోజూ బస్సులో మోసుకెళ్లాల. తేలిగ్గా ఉండాల, నాలుగేళ్లు మన్నాల. ఏటి కొనమంటారు?” అని ఆయన అడిగెను. ఆ బాలిక తన ఫోనులో ఒక ప్రకటనను చూపినది. నిరుటి నమూనాకు మెరుగులు దిద్దిన క్రొత్త నమూనా, బరువు కిలోంబావు, బ్యాటరీ పదునెనిమిది గంటలు వచ్చునట, మందము వ్రేలెడైనను లేదు.

కొనువారి కోరికలు ఇంచుమించు అందరివియు ఒక్కటే. యంత్రము తేలికగా నుండవలెను, దినమంతయు ఛార్జి నిలువవలెను, వేగముగా పనిచేయవలెను, వేడెక్కరాదు, చాలకాలము మన్నవలెను, వెల తక్కువగా నుండవలెను. ఇందులో ఏ ఒక్కటియు అత్యాశ కాదు. అయితే ఈ కోరికలు ఒకదానితో నొకటి ముడిపడి యున్నవి. ఒకదానిని లాగినచో మరియొకటి బిగియును. ఆ ముడులు ఎట్టివో తెలిసికొనుటకు ఉన్నత పాఠశాలలో నేర్చిన భౌతికశాస్త్రమే చాలును.

బరువు తగ్గిన కథ

మన ప్రాంతపు విద్యార్థులకు ల్యాప్‌టాపు నేడు వింత వస్తువు కాదు. జనులు ట్రిపుల్ ఐటీ అని పిలుచు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము 2008 లో ఆరంభమైనప్పుడు, పల్లెటూరి పిల్లల చేతికి ల్యాప్‌టాపు నిచ్చి చదివించు పద్ధతిని చేపట్టెను. దాని శ్రీకాకుళము శాఖ 2016 లో ఏర్పడి, ఎచ్చెర్ల వద్ద నెలకొన్నది.

కాని ఈ యంత్రము మొదట సంచిలో పట్టునది కాదు. 1981 లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన ఆస్‌బోర్న్ 1 అను ‘మోసికొనిపోదగిన’ కంప్యూటరు సుమారు 11 కిలోల బరువుండెడిది. దానిలో బ్యాటరీయే లేదు. ఎక్కడికి మోసికొని పోయినను గోడకున్న ప్లగ్గును వెదకవలసినదే. 1991 లో సోనీ సంస్థ లిథియం అయాన్ ఘటములను విపణికి తెచ్చిన తరువాత పరిస్థితి మారినది. ఈ ఘటముల అభివృద్ధికి పాటుపడిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019 లో రసాయనశాస్త్రములో నోబెల్ బహుమానము లభించెను. 2008 లో ఆపిల్ సంస్థ 1.36 కిలోల మాక్‌బుక్ ఎయిర్‌ను విడుదల చేసినది. 2011 లో ఇంటెల్ సంస్థ ఇట్టి పలుచని యంత్రములకు ‘అల్ట్రాబుక్’ అను పేరు పెట్టినది. ముప్పది యేండ్లలో బరువు ఎనిమిదవ వంతునకు దిగినదన్న మాట.

గంటల లెక్క

బ్యాటరీలో నిలువయుండు శక్తిని వాట్-గంటలలో కొలుతురు. యంత్రము ఆ శక్తిని వాడుకొను రేటును, అనగా సామర్థ్యమును, వాట్లలో కొలుతురు. మొదటి దానిని రెండవ దానిచే భాగించిన, ఎన్ని గంటలు నడచునో తెలియును. ఇంతకు మించిన రహస్యమేమియు లేదు.

తేలిక ల్యాప్‌టాపులలో సాధారణముగా 50 నుండి 60 వాట్-గంటల బ్యాటరీ యుండును. 55 అనుకొందము. తెర వెలుగు తగ్గించి, టైపు చేసికొనుచున్నప్పుడు యంత్రము 6 వాట్లు తీసికొన్నచో, తొమ్మిది గంటలకు పైగా వచ్చును. వీడియో ద్వారా పాఠము వినుచున్నప్పుడు 11 వాట్లు తీసికొన్నచో ఐదు గంటలే. బరువైన ప్రోగ్రాములను నడుపుచు 25 వాట్లు తీసికొన్నచో రెండు గంటలు దాటి కొంచెము. ప్రకటనలోని పదునెనిమిది గంటలు అబద్ధము కాకపోవచ్చును. 55 ను 18 చే భాగించిన 3 వాట్లు వచ్చును. అనగా తెర మసకగా నుండి, పని నామమాత్రముగా నున్నప్పుడు వచ్చిన గంటలవి. మన పని అట్టిదియేనా అని మనమే ప్రశ్నించుకొనవలెను.

పోనీ, బ్యాటరీని రెండింతలు చేయరాదా? నేటి లిథియం అయాన్ బ్యాటరీలలో కిలో బరువునకు రమారమి 200 నుండి 250 వాట్-గంటల శక్తి పట్టును. కావున 55 వాట్-గంటల బ్యాటరీయే సుమారు పావుకిలో తూగును. రెండింతలు చేసిన, కిలోంబావు యంత్రము కిలోన్నర యగును. పైగా విమానములలో ప్రత్యేకానుమతి లేకుండ తీసికొనిపోదగిన బ్యాటరీ పరిమితి 100 వాట్-గంటలు. ఇందువలన తయారీదారులు బ్యాటరీని పెంచుటకంటె వాడుకను తగ్గించు మార్గమునే ఎక్కువగా వెదకుచున్నారు. 2020 నవంబరులో ఆపిల్ సంస్థ తన సొంత ఎం1 ప్రాసెసరుతో ఫ్యాను లేని ల్యాప్‌టాపును తెచ్చినప్పుడు లోకము ఆశ్చర్యపడుటకు కారణమిదే. తరువాత తక్కిన ప్రాసెసరు తయారీదారులును ఆ దారిలోనే పోటీపడుచున్నారు.

వేడి ఎక్కడికి పోవును?

ల్యాప్‌టాపు తీసికొన్న విద్యుచ్ఛక్తి ఏమగును? అది బరువులెత్తదు, బండి లాగదు. తెరనుండి వెలుతురుగా పోవు కొద్దిపాటి శక్తి తప్ప, తక్కినదంతయు వేడిగా మారును. శక్తి నిత్యత్వ నియమము దీనిని తప్పించుకొననీయదు.

వేగము పెంచినకొలది ఈ వేడి వేగముకంటె త్వరగా పెరుగును. ప్రాసెసరు వాడుకొను సామర్థ్యము దాని పౌనఃపున్యమునకును, వోల్టేజి వర్గమునకును అనులోమానుపాతములో నుండును. పౌనఃపున్యమును ఒకటిన్నర రెట్లు చేయుటకు వోల్టేజిని 1.2 రెట్లు పెంచవలసి వచ్చినదనుకొనుడు. అప్పుడు సామర్థ్యము 1.5 × 1.44, అనగా రెండు రెట్లకు పైగా పెరుగును.

ఈ వేడి యంత్రపు పైభాగమునుండి గాలిలోనికి పోవలెను. ఫ్యాను లేని యంత్రము పొడవు 30, వెడల్పు 21 సెంటీమీటర్లనుకొందము. మీది తలము, క్రింది తలము కలిపి చదరపు మీటరులో సుమారు ఎనిమిదవ వంతు. నిలిచిన గాలిలో ఒక చదరపు మీటరు తలము, పరిసరములకంటె ఒక్కొక్క డిగ్రీ ఎక్కువ వేడిగా నున్నప్పుడు, దాదాపు 10 వాట్ల ఉష్ణమును విడువగలదు. కాబట్టి మన యంత్రము డిగ్రీకి ఒకటింబావు వాట్లు విడువగలదు.

చేతికి తగులు తలము 45 డిగ్రీలు దాటరాదని తయారీదారు నియమము పెట్టుకొన్నాడనుకొందము. చల్లని గదిలో, 25 డిగ్రీల వద్ద, తేడా 20 డిగ్రీలు. యంత్రము 25 వాట్లతో ఎంతసేపైనను పనిచేయగలదు. అదే యంత్రమును మే నెలలో బొబ్బిలిలోనో, పార్వతీపురములోనో 37 డిగ్రీల గదిలో పెట్టుడు. తేడా 8 డిగ్రీలే. విడువగల వేడి 10 వాట్లే. అంతకు మించినచో లోపలి నియంత్రణ వలయము ప్రాసెసరు వేగమును తగ్గించివేయును. డబ్బిచ్చి కొన్న వేగములో కొంత భాగము మన వేసవికే అర్పణమగును. పరుపుమీద పెట్టి వాడినచో క్రింది తలము మూసికొనిపోయి, ఆ పది వాట్లు కూడ నిలువవు.

ఇది ముతక లెక్కయే. యంత్రమును బట్టి అంకెలు మారును గాని, లెక్క దారి మారదు. అందుచేత మన ప్రాంతములో ఎక్కువసేపు బరువైన పనిచేయు విద్యార్థికి, ఫ్యాను ఉండి కొంచెము మందముగా నున్న యంత్రము మేలు. వ్రాసికొనుటకు, చదువుకొనుటకు మాత్రమైనచో ఫ్యాను లేనిదియే నిశ్శబ్దముగా, దుమ్ము పట్టక నడచును.

బ్యాటరీ ఆయుర్దాయము

నాలుగేండ్లు మన్నవలెనని ఆ తండ్రి కోరినాడు గదా. ముందుగా ముసలిదగునది బ్యాటరీయే. నిండుగా ఛార్జి చేసి ఖాళీ చేయుటను ఒక ఆవృత్తి యందురు. కొన్ని వందల ఆవృత్తులు గడచుసరికి బ్యాటరీ తన పట్టులో ఐదవ వంతు కోల్పోవుట సామాన్యము. 55 వాట్-గంటలు 44 అగును. తొమ్మిది గంటలు ఏడు అగును. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగిన రసాయన చర్యల వేగము ఇంచుమించు రెండింతలగునని మనము పిల్లలకు చెప్పుచుందుము. ఘటములోపల జరుగు అక్కరలేని చర్యలకు కూడ ఇది వర్తించును. కనుక వేడిగదిలో, నూరుపాళ్లు నిండిన బ్యాటరీతో, దినమంతయు ఛార్జరు తగిలించి యుంచుట దానికి కీడు. అనేక యంత్రములలో ఛార్జిని 80 శాతము వద్ద ఆపు ఏర్పాటు కలదు, దానిని వాడుకొనవలెను.

పాతబడిన బ్యాటరీని మార్చుట ఎంత సులభమన్నది తరువాతి ప్రశ్న. పలుచదనము కొరకు కొందరు తయారీదారులు బ్యాటరీని జిగురుతో అంటింతురు. మెమరీని బోర్డుకు టంకము వేయుదురు. ఈ తప్పు నేనును చేసితిని. కొన్నేండ్ల క్రితము బరువు మాత్రమే చూచి 4 జీబీ మెమరీ గల ఒక పలుచని యంత్రమును కొంటిని. మూడేండ్లకు అది క్రొత్త ప్రోగ్రాములను మోయలేకపోయెను. మెమరీ పెంచుటకు వీలులేదని మరమ్మతు చేయువాడు మూత తీసి చూపినప్పుడు గాని నాకు తెలియలేదు. బ్రతికియున్న యంత్రమును బీరువాలో పెట్టవలసి వచ్చెను.

తుఫాను నేర్పిన పాఠము

2018 అక్టోబరు 11 వేకువజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటెను. ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగినవి. విద్యుత్తు స్తంభములు వేల సంఖ్యలో కూలి, అనేక గ్రామములు దినముల తరబడి చీకటిలో నుండెను. ఇట్టి తీరమున నివసించువానికి, యంత్రమును ఎన్ని విధముల ఛార్జి చేయవచ్చునన్నది చిన్న విషయము కాదు.

ఇక్కడ యూఎస్‌బీ-సీ అను చిన్న రంధ్రము మేలుచేయును. 2014 లో రూపొందిన ఈ పద్ధతిలో ఫోనుకు, ల్యాప్‌టాపునకు ఒకే ఛార్జరు చాలును. ఐరోపా సమాజము 2024 డిసెంబరు నుండి ఫోనులకును, 2026 ఏప్రిల్ నుండి ల్యాప్‌టాపులకును దీనిని విధిగా చేయు చట్టమును 2022 లో చేసినది. 20,000 మిల్లీ ఆంపియర్-గంటల పవర్‌బ్యాంకులో 3.7 వోల్టుల చొప్పున 74 వాట్-గంటల శక్తి యుండును. మార్పిడి నష్టములు పోగా 60 మిగిలినను మన ల్యాప్‌టాపు ఒకమారు నిండును. అయితే ఆ పవర్‌బ్యాంకు ల్యాప్‌టాపునకు కావలసినన్ని వాట్లను ఇయ్యగలదో లేదో దానిపై చదివి చూచుకొనవలెను.

క్రొత్త నమూనాలో క్రొత్తదేమి?

‘నవీకరించిన నమూనా’ అన్నంతనే అన్నియు మారినవని తలపరాదు. తరచుగా మారునది ప్రాసెసరు. మూత, తెర, బ్యాటరీ పాతవియే కావచ్చును. కావున నిరుటి నమూనాను, ఈ యేటి నమూనాను ప్రక్కప్రక్కన వ్రాసికొని ఈ అంకెలు పోల్చవలెను: బ్యాటరీ వాట్-గంటలు, ఛార్జరుతో కలిపిన బరువు, మెమరీ ఎంత, దానిని పెంచవచ్చునా, తెర వెలుగు ఎంత, యూఎస్‌బీ-సీ ద్వారా ఛార్జి అగునా. మరమ్మతు శ్రీకాకుళములోనో, విజయనగరములోనో జరుగునా, లేక ప్రతిమారు విశాఖపట్టణము పోవలెనా అన్నది దుకాణములోనే అడుగవలెను. వెలలో తేడాకు తగిన తేడా ఈ పట్టికలో కనబడనిచో, నిరుటి నమూనాయే తెలివైన కొనుగోలు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ఒక అభ్యాసముగా చేయింపవచ్చును. పాఠశాలలోని ల్యాప్‌టాపు అడుగున ముద్రించిన అంకెలను పిల్లలచే చదివించుడు. 55 వాట్-గంటలను 3,600 చే గుణించిన 1,98,000 జౌళ్లు వచ్చును. యాబది కిలోల విద్యార్థిని సుమారు నాలుగువందల మీటర్ల ఎత్తునకు చేర్చుటకు సరిపోవు శక్తి ఆ పావుకిలో బ్యాటరీలో నున్నదని లెక్క కట్టి చూచినప్పుడు, దానిని నలుపరాదనియు, ఉబ్బిన బ్యాటరీని వాడరాదనియు వేరుగా చెప్పవలసిన పని యుండదు.

ఆ తండ్రీకూతుళ్లతో ఒక గంటసేపు కూర్చుండి ఈ పట్టిక వ్రాసితిమి. లెక్కలన్నియు ఆ బాలికయే చేసినది. చివరకు వారు కొన్నది నిరుటి నమూనా. క్రొత్త దానికంటె నూటయేబది గ్రాములు బరువెక్కువ, ఫ్యాను కలదు, బ్యాటరీ మరలతో బిగించియున్నది, మెమరీ పెంచుటకు చోటున్నది. మిగిలిన డబ్బుతో ఒక పవర్‌బ్యాంకును, బస్సు కుదుపులకు ఓర్చు మెత్తని సంచిని కొనుక్కొని ఊరికి పోయిరి.