హంతకుడెవరో ముందే తెలిస్తే?

ఇంటర్ చదివే రోజుల్లో మా వీధి చివర ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. పుస్తకానికి రోజుకి పావలా. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు నాకు అక్కడే పరిచయం. చేతులు మారీ మారీ ఆ పుస్తకాలకి అట్టలుండేవి కావు. కొన్నింటికి ఆఖరి పేజీలు కూడా ఉండేవి కావు. అదైనా భరించవచ్చు. ఒకసారి తెచ్చుకున్న డిటెక్టివ్ నవలలో మూడో పేజీ అంచున ఎవరో పుణ్యాత్ముడు పెన్సిల్‌తో రాసిపెట్టాడు: ‘హంతకుడు ప్లీడరే’. ఒళ్లు మండిపోయింది. తిరిగిచ్చేద్దామంటే పావలా దండగ. పళ్లు నూరుకుంటూనే చదివాను. అది చివరికి ఎక్కడ తేలిందో కాసేపాగి చెబుతాను.

ఈమధ్య మూడు పాత ఇంగ్లీషు నవలలు వరసగా చదువుతుంటే ఆ పెన్సిల్ రాత మళ్లీ గుర్తొచ్చింది. బ్రామ్ స్టోకర్ ‘డ్రాక్యులా’, అగాథా క్రిస్టీ ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్‌రాయిడ్’, ఉర్సులా లెగ్విన్ ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’. ఒకటి దడ పుట్టించేది, ఒకటి బుర్రకి పని పెట్టేది, ఒకటి మంత్రాల లోకం. మూడింటి ముగింపూ నాకు ముందే తెలుసు. మొదటిది సినిమాల పుణ్యం. రెండోది పాతికేళ్ల కిందట చదివిందే. మూడోది ఒక మిత్రుడు ఉత్సాహం పట్టలేక ఫోన్లో చెప్పేశాడు. ‘సస్పెన్స్ చంపేశావురా’ అని వాణ్ణి తిట్టాను గానీ, సస్పెన్స్ చస్తే పుస్తకం కూడా చస్తుందా అన్నది అప్పుడే తొలిచింది.

‘డ్రాక్యులా’ 1897లో వచ్చింది. ఇవాళ ఆ పేరు వినగానే కోరలు, నల్లకోటు, నెత్తురు కళ్లముందు ఆడతాయి. నవలలో జోనథన్ హార్కర్‌కి మాత్రం ఏమీ తెలియదు. అతనూ ప్లీడరే, లెండి. లండన్‌లో ఒక ఇల్లు కొనిపించే కాగితాలు పట్టుకుని ట్రాన్సిల్వేనియా కోటకి వెళతాడు. దారిలో ఊళ్లవాళ్లు శిలువ గుర్తు వేసుకుంటుంటే విడ్డూరంగా చూస్తాడు. కోటలో ప్రభువుగారి మర్యాదలు ఘనంగా ఉంటాయి. ఒకరోజు మెల్లగా తన గదికి వెళ్లి చూస్తే ఆ ప్రభువుగారే అతిథి మంచం మీద పక్క సర్దుతూ కనిపిస్తాడు.

అంతే. నెత్తురు లేదు, కేక లేదు. పక్క సర్దుతున్నాడు. అంటే అంత పెద్ద కోటలో నౌకర్లే లేరన్నమాట. మరి ఆ రాత్రి బండి తోలుకొచ్చిందెవరు? తోడేళ్లని చేతి సైగతో తరిమిందెవరు? హార్కర్‌తో పాటు మనకీ వెన్ను జలదరిస్తుంది. మనకి ఇంకాస్త ఎక్కువే, ఎందుకంటే ఆతిథ్యమిస్తున్నది ఎవరో మనకి తెలుసు, అతనికి తెలియదు.

సినిమా దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ దీన్ని బాంబు లెక్కతో చెప్పేవాడు. బల్ల దగ్గర ఇద్దరు కబుర్లాడుకుంటుంటే కింద బాంబు ఠపీమని పేలితే ప్రేక్షకుడు ఉలిక్కిపడేది పదిహేను సెకన్లు. బాంబు ఉందని ముందే చూపించి, ఆ ఇద్దరి చేతా పిచ్చాపాటీ మాట్లాడిస్తే పదిహేను నిమిషాలు ప్రాణం ఉగ్గబట్టుకుంటాడు. 1980ల్లో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ సీరియల్‌గా చదివినవాళ్లకి ఈ లెక్క వివరించక్కర్లేదు. పసిపిల్ల మీద చేతబడి నీడ పడిందని పాఠకుడికి తెలుసు. ఇంట్లోవాళ్లకి మాత్రం అది జబ్బులా కనిపిస్తుంది. చేతబడి జరిగిందని తెలిసినా, పిల్లని పీడిస్తున్నది రోగమా, ప్రయోగమా అన్న ఊగిసలాటే ఆ నవలకి ఊపిరి. సరిగ్గా ఆ ఊగిసలాటనే ఇలాంటి సాహిత్యానికి ప్రాణమని విమర్శకుడు తొదొరోవ్ 1970లో సిద్ధాంతం చేశాడు. మనవాళ్లు వారం వారం బస్టాండు బంకుల దగ్గర పత్రిక కోసం కాచుక్కూర్చుని దాన్ని అనుభవించారు.

‘డ్రాక్యులా’ మీద నా ఫిర్యాదు ముగింపు తెలియడం గురించి కాదు. మొదటి నాలుగు అధ్యాయాలు దాటాక అసలు మనిషి కనపడడం తగ్గిపోతుంది. డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపర్ కటింగులతో కథ నడపడం గొప్ప ఎత్తుగడే. కానీ ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ ఉపన్యాసాలు మొదలయ్యాక నాకు రెండుసార్లు కునుకు పట్టింది. మరొక్క మాట. ఎండ పడితే డ్రాక్యులా బూడిదైపోతాడని అందరం అనుకుంటాం. నవలలో అతను పట్టపగలు లండన్ వీధిలో తిరుగుతాడు, శక్తులు తగ్గుతాయంతే. ఎండకి చచ్చే పిశాచం 1922 నాటి ‘నోస్ఫెరాటు’ సినిమా పెట్టిన భిక్ష. సినిమాలు ముగింపుని లీక్ చేయడమే కాదు, ఒక్కోసారి తప్పు లీక్ కూడా చేస్తాయి.

ఇక నా ప్లీడరు సంగతి. ఆ నవలంతా ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నాను. ఆయన దగ్గితే సైగ అనుకున్నాను, కళ్లజోడు తుడుచుకుంటే వేలిముద్రలు చెరుపుతున్నాడనుకున్నాను. ఆఖరి అధ్యాయంలో తేలిందేమిటంటే ఆయన పాపం నిర్దోషి. పెన్సిల్ మహానుభావుడు అబద్ధం రాశాడు! నేను ప్లీడర్ని చూస్తూ కూర్చున్నంతసేపూ అసలు హంతకుడు నా ముందునుంచే దర్జాగా తిరిగాడు.

అగాథా క్రిస్టీ చేసే గారడీ ఇదే. కాకపోతే ఆవిడ అబద్ధం ఆడదు. 1926లో వచ్చిన ‘రోజర్ ఆక్‌రాయిడ్’లో డిటెక్టివ్ పోయిరో ఉద్యోగం చాలించి ఒక పల్లెటూళ్లో సొరకాయల్లాంటి కాయలు పండిస్తుంటాడు. విసుగెత్తి ఒక కాయ విసిరికొడితే అది గోడమీదుగా పక్కింటి డాక్టరు చెవి పక్కనుంచి దూసుకెళుతుంది. వాళ్లిద్దరి పరిచయం అలా మొదలవుతుంది. ఆ డాక్టరు గారి అక్క కారొలిన్ గడప దాటకుండానే ఊరి కబుర్లన్నీ పోగేస్తుంది. పాలవాడు, పనిమనిషి ఆవిడ వార్తా సంస్థలు. మన వీధుల్లో అలాంటి అక్కయ్యలు కొదవా? తర్వాత తాను సృష్టించిన డిటెక్టివ్ మిస్ మార్పుల్‌కి ఈ కారొలినే మొలక అయ్యుండొచ్చని క్రిస్టీ స్వయంగా ఒప్పుకుంది.

హంతకుడెవరో చెప్పను. ఇంతమాత్రం చెబుతాను: రెండోసారి చదివితే అది వేరే నవల. మొదటిసారి మాటవరసకి అన్నట్టున్న వాక్యాలు రెండోసారి పళ్లికిలిస్తాయి. ‘అరె, ఇక్కడే చెప్పేసిందిగా!’ అని నేను పెన్సిల్ తీసి గీతలు గీశాను (నా సొంత పుస్తకంలోనే). ఇది న్యాయమైన ఆటేనా అని అప్పట్లో పెద్ద గొడవే అయింది. డిటెక్టివ్‌కి దొరికిన ప్రతి ఆధారమూ పాఠకుడికీ చూపించి తీరాలని రొనాల్డ్ నాక్స్ అనే రచయిత 1929లో ఏకంగా పది నియమాలు రాశాడు. ఆక్‌రాయిడ్‌ని ఎవరు చంపితే మాత్రం ఎవరికి కావాలి అని వెక్కిరిస్తూ 1945లో విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ ఒక వ్యాసానికి పేరే పెట్టాడు. 2013లో బ్రిటన్ క్రైమ్ రచయితల సంఘం ఓటేసి ఇదే అన్నిటికంటే గొప్ప క్రైమ్ నవల అంది. నా ఓటూ అటే. విల్సన్ రెండోసారి చదివి ఉండడని నా అనుమానం.

‘ఎర్త్‌సీ’ దగ్గరికొచ్చేసరికి అసలు ప్రశ్నే పల్చబడిపోయింది. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని మనలో ఎవరికి తెలియదు? అయినా బాలనాగమ్మ కథని బుర్రకథగా విన్నాం, నాటకంగా చూశాం, 1942లో జెమిని వారి సినిమాగా ఆడించాం. బాలనాగమ్మ కొడుకు బాలవర్ధి రాజు చిలకని పట్టుకుంటాడా లేదా అని ఎవరూ బెంగపడలేదు. ఎలా పట్టుకుంటాడన్నదే వేడుక. రామాయణం పదోసారి వినేవాడు సీతని విడిపిస్తారా అని అడుగుతాడా?

లెగ్విన్ 1968లో రాసిన ఈ నవలలో గెడ్ అనే మేకల కాపరి కుర్రాడు తల్లి తోడబుట్టినావిడ దగ్గర విన్న మాటని సరదాగా మేకల మీద ప్రయోగిస్తాడు. మేకలు గుంపుగా వచ్చి ఒరుసుకుని నిలబడతాయి, పొమ్మన్నా పోవు. రప్పించడం వచ్చింది గానీ పంపించడం రాదు. నవలంతా ఆ మేకల్లోనే ఉంది. ఆ లోకంలో ప్రతిదానికీ ఒక అసలు పేరుంటుంది, అది తెలిసినవాడి గుప్పిట్లో ఆ వస్తువు ఉంటుంది. అందుకే మనుషులు తమ అసలు పేరు ప్రాణస్నేహితుడికి తప్ప చెప్పుకోరు. పొగరుకొద్దీ గెడ్ ఒక చీకటి నీడని లోకంలోకి వదులుతాడు. దాని పేరేమిటన్నదే ముగింపు. మా వాడు ఫోన్లో చెప్పేసింది అదే. తెలిసి చదివినా ఒక్క పేజీ వదల్లేదు. మంత్రానికి ఒక లెక్క, తప్పు చేస్తే ఒక మూల్యం ఉన్న కథకి లీకుల భయం లేదు. మరీ సన్నటి నవల కూడానూ, రెండు సాయంత్రాల్లో అయిపోతుంది.

2011లో అమెరికాలో, శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇద్దరు పరిశోధకులు చిన్న కథల్ని కొందరికి మామూలుగా, కొందరికి ముగింపు ముందే చెప్పి చదివించారు. ముగింపు తెలిసినవాళ్లే కథలు ఎక్కువ నచ్చాయన్నారు. 2015లో మరో ఇద్దరు ఇలాంటి పరీక్షే పెడితే ఫలితం తిరగబడింది. నాకిందులో వింతేమీ కనపడలేదు. ముగింపు ఒక్కటే సరుకుగా ఉన్న పుస్తకం లీకైతే చస్తుంది, మిగతావి బతుకుతాయి. అలాగని లీక్ చేసేవాణ్ణి నేను వెనకేసుకురాను. రెండోసారి చదవడం ఎప్పుడైనా కుదురుతుంది. మొదటిసారి చదవడం ఒక్కసారే కుదురుతుంది. దాన్ని ఇంకొకడి చేతిలోంచి లాక్కునే హక్కు మనకెక్కడిది?

ఈ మూడింటిలో ఒక్కటే చదివే తీరికుంటే ‘ఎర్త్‌సీ’ చదవండి. ‘డ్రాక్యులా’ మొదటి నాలుగు అధ్యాయాలు రాత్రిపూట, ఇంట్లో అందరూ పడుకున్నాక చదవండి. ‘ఆక్‌రాయిడ్’ మాత్రం వెంటవెంటనే రెండుసార్లు. చదివాక స్నేహితులకి కాయ విసరడం గురించి, కారొలిన్ గురించి ఎంతైనా చెప్పుకోండి. పుస్తకం ఎరువిచ్చేటప్పుడు మాత్రం మీరు పెన్సిల్‌తో గీసిన గీతలు చెరిపేసి ఇవ్వండి.