మీకు తెలుసా? పక్కనే కృష్ణ, చేలకు వానే దిక్కు

కంకిపాడు చుట్టూ ఇప్పుడు కనుచూపు మేర వరి. కాలువలు రాకముందు ఈ ప్రాంతపు రైతు ఆకాశాన్నే నమ్ముకున్నాడు.

1832-33లో వానలు ముఖం చాటేశాయి. అదే నందన కరువు. కృష్ణా నదికి ఆవలి గుంటూరు జిల్లాలో సుమారు 5 లక్షల జనాభాలో లక్షన్నర మంది దాకా చనిపోయారు. కాలువలకు నీళ్లు మళ్లించే బెజవాడ ఆనకట్ట పూర్తయింది 1855లో, అంటే ఇరవై ఏళ్లు దాటాక! శిస్తు వసూలులో మాత్రం కంపెనీ సర్కారుకు అంత నిదానం లేదు.

కాలువ నీళ్లతో కాస్త తెరిపిన పడేలోపే, 1864 నవంబరు 1 రాత్రి బందరును ఉప్పెన ముంచింది. దాదాపు 30 వేల మంది బలయ్యారు.

దశాబ్దాల తర్వాత ఈ డెల్టా రైతులే కొత్త కాలువల కిందికి వలసపోయారు: 1931లో పూర్తయిన నిజాంసాగర్ కిందికి, ఆపై తుంగభద్ర ఆయకట్టుకు. కర్ణాటకలో గంగావతి, సింధనూరు వైపు వాళ్లు కట్టుకున్న ఊళ్లను నేటికీ ‘క్యాంపు’లనే పిలుస్తారు.