లేచి దిగే బల్ల

ఏర్పేడు మండలం మాధవమాలలో కొయ్య బొమ్మలు చెక్కే చోట ఎత్తైన బల్లల కోసం వెతక్కండి. పనివాడు నేల మీద కూర్చుంటాడు. దిమ్మెను పాదాలతో అదిమి పట్టుకుని ఉలి మీద సుత్తి వేస్తాడు. చిన్న బొమ్మైతే బాసింపట్టు, కాస్త పెద్దదైతే గొంతుక్కూర్చోవడం, నిలువెత్తు విగ్రహమైతే లేచి నిలబడటం. పనికి తగ్గట్టు ఎత్తు మార్చేది ఆయన మోకాళ్ళే.

తిరుపతిలో ఉద్యోగ విరమణ తర్వాతో, ఆదివారాల్లోనో ఇంటి వెనక రేకుల షెడ్డులో వడ్రంగం మొదలుపెట్టే వాళ్ళకు ఆ అలవాటు ఉండదు. నిలబడి చేస్తారు. నిలబడేవాడికి ఒక్క ఎత్తు బల్ల చాలదు. చిత్రిక పట్టేటప్పుడు ఒంటి బరువు పని మీద పడాలి కాబట్టి బల్ల మణికట్టు దాకా ఉంటే మంచిది. సన్నటి చెక్కుడు పని మోచేతి ఎత్తుకో, ఇంకొంచెం పైకో రావాలి, లేకపోతే చూపు ఆనక మెడ వంచుతారు. బీరువా బిగించేటప్పుడు మోకాలి ఎత్తే ఎక్కువ. ఇన్ని ఎత్తులకు ఇన్ని బల్లలు పరిచే చోటు ఎవరి షెడ్డులో ఉంది?

దీనికి బరువు తోడవుతుంది. శేషాచలం ఎర్రచందనం నీళ్ళలో మునిగే కలప. ఘనపుటడుగు నీళ్ళే 28 కిలోల పైచిలుకు తూగుతాయి. అంటే అడుగు వెడల్పు, అడుగు మందం, నాలుగడుగుల పొడవున్న ఎర్రచందనం దిమ్మె 113 కిలోలు దాటుతుంది. అది 1995 నుంచి, అంతరించే ముప్పున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్న కలప, అటవీ శాఖ అనుమతి లేనిదే ముట్టుకోకూడనిది, కనుక ఇంటి షెడ్డు సంగతిలో దాని ఊసు వద్దు. టేకే తీసుకున్నా అదే కొలత దిమ్మె 70 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పూర్తి షీటు 30 కిలోలు దాటుతుంది.

మనిషి ఎంత ఎత్తవచ్చునో లెక్కగట్టడానికి అమెరికాలోని వృత్తి భద్రత పరిశోధన సంస్థ నయోష్ 1991లో ఒక సూత్రాన్ని సవరించి ఇచ్చింది. అన్నీ అనుకూలంగా ఉంటే 23 కిలోలు. అనుకూలమంటే వస్తువు ఒంటికి దగ్గరగా, నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, అంటే చేతులు వేలాడేస్తే పిడికిలి వచ్చే చోటు. అదే వస్తువు నేల మీద, ఒంటికి 50 సెంటీమీటర్ల దూరంలో ఉండి, దాన్ని 85 సెంటీమీటర్ల బల్ల మీదికి చేర్చాలంటే ఆ 23 కాస్తా 8 కిలోల లోపుకు పడిపోతుంది. బరువు మారలేదు, ఉన్న చోటు మారిందంతే. మన వడ్రంగుల నడుము నొప్పులకు వయసును తిట్టుకుంటాం గానీ అసలు దోషి ఈ లెక్కలో ఉంది.

ఈ సమస్యకు పరిష్కారం మన వీధి చివరే ఉంది. బైకుల మెకానిక్ షాపులో బండిని నడుము ఎత్తుకు లేపే లిఫ్టు చూసే ఉంటారు. దాని చిన్న తమ్ముడే చక్రాల మీద తిరిగే, కత్తెరలా తెరుచుకునే కాళ్ళున్న హైడ్రాలిక్ సిజర్ టేబుల్. కాలితో పంపు తొక్కితే లేస్తుంది, పిడి నొక్కితే దిగుతుంది. గోదాముల కోసం పుట్టిన ఈ సరుకు వడ్రంగి షెడ్డులోకి వస్తే పరాయి చోటికి వచ్చినట్టు కాదు. దాని వంశంలో ఒక వడ్రంగి ఉన్నాడు.

ఆయన జోసెఫ్ బ్రామా, 1748లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టిన రైతు బిడ్డ. కుర్రతనంలో కాలికి దెబ్బ తగిలి పొలం పనికి పనికిరాకపోతే వడ్రంగి దగ్గర పనికి పెట్టారు. తర్వాత లండన్‌లో కుర్చీలు, బీరువాలు చేశాడు, తాళాలు చేశాడు, 1795లో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. సూత్రం పాతదే. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని చోట్లకీ సమానంగా పాకుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ రాసిన గ్రంథం ఆయన చనిపోయాక 1663లో అచ్చయింది. సన్న గొట్టంలో పిస్టన్ని నొక్కితే లావు గొట్టంలోని పిస్టను ఎన్నో రెట్లు బలంతో పైకి లేస్తుందన్నది దాని ఫలితం.

అంత తేలికైతే 130 ఏళ్ళు ఎందుకు ఆగింది? నీళ్ళు కారిపోవడం వల్ల. ఒత్తిడి పెరిగేకొద్దీ పిస్టను పక్క సందులోంచి నీరు తన్నుకొస్తుంది. సందు మూసేలా బిగిస్తే పిస్టను కదలదు. దీనికి దొరికిన ఉపాయం ఒక తోలు పట్టీ. పట్టీని దొప్పలా వంచి, నోరు నీటి వైపు ఉండేలా గాడిలో కూర్చారు. నీటి ఒత్తిడి పెరిగితే అదే నీరు దొప్ప అంచులను విప్పి పిస్టన్నీ గోడనీ గట్టిగా అదుముతుంది, ఒత్తిడి తగ్గితే అంచులు సడలి పిస్టను సులువుగా వెనక్కి వస్తుంది. కారాలని చూసే నీటితోనే కారకుండా చేయించడమన్న మాట. ఈ ఘనత బ్రామా దగ్గర పనిచేసిన యువకుడు హెన్రీ మాడ్‌స్లేకు ఇస్తారు. జీతం పెంచమంటే యజమాని కాదన్నాడని ఆయన బయటికొచ్చి సొంత కార్ఖానా పెట్టి, మరలు కోసే లేతుతో పేరు తెచ్చుకున్నాడు. ఇవాళ తోలు స్థానంలో రబ్బరు, నీళ్ళ స్థానంలో నూనె వచ్చాయి, కిటుకు మాత్రం మారలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. పంపు పిస్టను వ్యాసం 10 మిల్లీమీటర్లు, ఎత్తే పిస్టను 40 అనుకుంటే వైశాల్యాల తేడా 16 రెట్లు. పెడల్ తులాదండంగా పది రెట్లు కలిపితే మొత్తం 160. రాపిడి తీసేసినా పాదంతోనే అరటన్ను బలం వస్తుంది. ఊరికే రాదు. పిస్టను ఒక సెంటీమీటరు కదలాలంటే పాదం 160 సెంటీమీటర్లు కదలాలి, అందుకే అన్నిసార్లు తొక్కుడు.

అంత బలం ఎందుకో కత్తెర కాళ్ళు చెబుతాయి. బల్ల కిందికి దిగినప్పుడు కాళ్ళు దాదాపు పడుకుంటాయి. నేలతో 10 డిగ్రీల కోణంలో ఉన్న కాళ్ళను అడ్డంగా తోసి 100 కిలోలు లేపాలంటే 567 కిలోల బలం కావాలి. 45 డిగ్రీల దగ్గర 100 చాలు, 60 దగ్గర 58. బల్ల మొదటి రెండు మూడు అంగుళాలు మూలుగుతూ లేచి ఆ తర్వాత చురుగ్గా పోవడానికి కారణం ఇదే. కాళ్ళను పూర్తిగా పడుకోనివ్వకుండా తయారీదారులు ఆపేదీ ఇందుకే, కనుక ఎంత దించినా బల్ల నేల నుంచి జానెడు పైనే ఉంటుంది. దిమ్మెను దాని మీదికి ఎక్కించడానికి ఒక పలకను ఏటవాలుగా వేసి దొర్లించండి.

పైకి లేచాక చిక్కు మరోటి. కాళ్ళ పొడవు 75 సెంటీమీటర్లయితే, 10 డిగ్రీల దగ్గర వాటి అడుగులు 74 సెంటీమీటర్ల మేర పరుచుకుని ఉంటాయి. 60 డిగ్రీలకు వచ్చేసరికి 37.5కు ముడుచుకుంటాయి. బల్ల పైపలక ఒక చివర కింద ఆధారమే ఉండదన్న మాట. బరువైన దిమ్మెను ఆ చివర పెడితే బల్ల ఒరగవచ్చు. దించి ఉన్నప్పుడు ఏ మూల పెట్టినా ఊరుకునే బల్ల, లేచాక ఊరుకోదు.

ఇంటి షెడ్డులో దీనికి దొరికే పనులు చాలా ఉన్నాయి. రంపం బల్ల ఎత్తుకు లేపి వెనక నిలిపితే కోసిన పలక జారి పడకుండా అందుకుంటుంది. ప్లైవుడ్ షీటును ఒక్కరే కోయగలిగేది అప్పుడే. బీరువాను మోకాలి ఎత్తులో బిగించి, మెరుగు పెట్టేటప్పుడు రొమ్ము ఎత్తుకు తెచ్చుకోవచ్చు. చిత్రిక పట్టేటప్పుడు చక్రాల బ్రేకులను నమ్మకండి. రథోత్సవంలో చక్రాల కింద కొయ్య ఆపులు వేసి రథాన్ని నిలిపినట్టు ఇక్కడా రెండు వైపులా ఆపులు వేయాలి. కాళ్ళు దొర్లే గాడిలో రంపపు పొట్టు చేరితే బల్ల ఒక పక్కకు ఒరుగుతుంది. కుంచెతో ఊడ్చండి, నూనె పోస్తే పొట్టు ముద్దకడుతుంది. రాత్రంతా బరువుతో లేపి ఉంచవద్దు, వాల్వులో చిన్న నలక పడితే తెల్లారేసరికి బల్ల కిందికి దిగిపోతుంది. లేచిన బల్ల కింద చెయ్యి పెట్టాల్సి వస్తే ముందు కాళ్ళ మధ్య గట్టి కొయ్య అడ్డం పెట్టండి.

ఒక పనికి మాత్రం ఇది పనికిరాదు. సుత్తి దెబ్బకు కత్తెర కీళ్ళలోని వదులు అదురుతుంది, దెబ్బలో కొంత బల్లే మింగేస్తుంది, ఉలి తప్పుతుంది. కొనాలనుకునే వాళ్ళు 150 కిలోలు మోసే కాలి పంపు బల్ల కొనండి, ఇంటి పనికి కరెంటు మోటారుది దండగ. ఉలి పనికి మాత్రం మంచి చింత మొద్దు ఒకటి విడిగా తెచ్చుకోండి.