చూసిన పిల్లలు చెప్పగలిగే బడి

2024 డిసెంబరు మొదటి వారంలో రాయచోటిలోని ఒక ఉర్దూ హైస్కూల్లో, గోల చేస్తున్న తొమ్మిదో తరగతి పిల్లల్ని మందలించిన ఉపాధ్యాయుడు ఆ తర్వాత కుప్పకూలి కన్నుమూశారు. పిల్లలు ఆయన మీద చేయిచేసుకున్నారన్న ఆరోపణలు వచ్చాయి. అదే ఏడాది జూలైలో నరసరావుపేట కాలేజీ హాస్టల్‌కు సంబంధించిన ఒక వీడియో రాష్ట్రమంతా తిరిగింది. ఎన్‌సీసీ శిక్షణ పేరు చెప్పి సీనియర్లు జూనియర్లను కర్రలతో బాదుతున్నారు. ఆ దెబ్బలు పడింది నెలల కిందట. ఆ గదిలో దెబ్బలు తిన్నవాళ్లున్నారు, చూసినవాళ్లున్నారు, ఫోన్‌లో తీసినవాళ్లున్నారు. అయినా వీడియో బయటపడేదాకా సంగతి లోకానికి తెలియలేదు.

ఇలాంటి వార్త చదివినప్పుడల్లా "ఈ కాలం పిల్లలకు భయం లేదు" అని మనం నిట్టూరుస్తాం. నిజానికి బడిలో హింస పెరిగేది భయం లేకపోవడం వల్ల కాదు. చెప్పడానికి భయపడటం వల్ల. కొట్టేవాడికి బలం ఎంత అవసరమో, చూసేవాళ్ల మౌనం అంతకంటే ఎక్కువ అవసరం. ఆ మౌనం ఎలా ఏర్పడుతుందో, ఎలా పోతుందో కొంచెం ఓపికగా చూద్దాం.

గొడవ వేరు, వేధింపు వేరు

కబడ్డీ ఆటలో ఔట్ అయ్యావంటే కాలేదని ఇద్దరు పిల్లలు కలబడితే అది గొడవ. ఇద్దరిదీ సమాన బలం. సాయంత్రానికి మళ్లీ ఒకే జట్టులో ఆడుకుంటారు. వేధింపు అలా ఉండదు. ఈ విషయాన్ని 1970ల నుంచి పరిశోధించిన నార్వే మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ దానికి మూడు గుర్తులు చెప్పారు. బాధపెట్టాలనే చేస్తారు. మళ్లీ మళ్లీ చేస్తారు. ఎదురు తిరగలేని వాళ్లనే ఎంచుకుంటారు.

మన హాస్టళ్లలో దాని రూపాలు అందరికీ తెలిసినవే. ఆరో తరగతి పిల్లాడి సబ్బు, కొబ్బరినూనె సీసా, ఇంటి నుంచి తెచ్చుకున్న చెనిక్కాయ ఉండలు సీనియర్ల పెట్టెల్లోకి చేరతాయి. సీనియర్ బట్టలు ఉతకాలి, పక్క వేయాలి, నీళ్లు తెచ్చిపెట్టాలి. రంగును బట్టి, పొట్టితనాన్ని బట్టి, నత్తిని బట్టి, కులాన్ని బట్టి పేర్లు పెడతారు. కన్నడమో ఉర్దూనో ఇంట్లో మాట్లాడే పిల్ల తెలుగులో తడబడితే తరగతంతా నవ్వుతుంది. ఆడపిల్లల్లో చాలాసార్లు దెబ్బ ఉండదు, వెలి ఉంటుంది. ఎవరూ పక్కన కూర్చోరు, అన్నం తినేటప్పుడు పిలవరు. ఇప్పుడు దీనికి ఫోన్ తోడైంది. తీసిన ఫొటో, రాసిన వెక్కిరింత వాట్సాప్ గ్రూపులో తిరుగుతూనే ఉంటాయి. బడి గంట కొట్టినా ఆగవు.

ఇది మన ఒక్కరి సమస్య కాదు. ప్రపంచవ్యాప్తంగా ప్రతి ముగ్గురు విద్యార్థుల్లో దాదాపు ఒకరు గడిచిన నెలరోజుల్లో తోటి పిల్లల చేతిలో ఒక్కసారైనా వేధింపునకు గురయ్యారని యునెస్కో 2019లో వెల్లడించింది.

మన జిల్లాల్లో దీని బరువు

కర్నూలు జిల్లా పడమటి వైపు కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం ప్రాంతాల్లో వాన మొహం చాటేస్తే ఊళ్లకు ఊళ్లే సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి తల్లిదండ్రులు నెలల తరబడి వెళ్లిపోతారు. పిల్లలు అవ్వ దగ్గరో, సీజనల్ హాస్టల్లోనో, కస్తూర్బా విద్యాలయంలోనో ఉంటారు. చదువు మాన్పించకుండా ఆడపిల్లల్ని నిలబెట్టడంలో 2004లో మొదలైన కస్తూర్బా విద్యాలయాలు చేసిన మేలు చాలా పెద్దది. సంక్షేమ హాస్టళ్లు, గురుకులాలు లేకపోతే ఈ రాయలసీమలో వేలమంది పిల్లలు పొలాల్లోనే ఉండిపోయేవారు. కడప జిల్లా ఇడుపులపాయలో 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీలోకి పల్లె పిల్లలు పదో తరగతి అవగానే చేరి, ఆరేళ్లు అక్కడే ఉంటారు.

అందుకే ఇక్కడ వేధింపు బరువు ఎక్కువ. ఇంటి నుంచి బడికి వచ్చి పోయే పిల్లకు సాయంత్రమైనా ఊపిరి పీల్చుకునే వీలుంటుంది. మొహం చూసి "ఏమైందమ్మా" అని అడిగే మనిషి ఉంటుంది. హాస్టల్ పిల్లను ఏడిపించే మనిషి పక్క మంచం మీదే పడుకుంటుంది. ఫోన్ వారానికో రోజు దొరికినా, చుట్టూ పదిమంది నిలబడి వింటుంటే అమ్మకు ఏం చెప్పగలదు?

సీమకు ఇంకో గాయం ఉంది. దేవనకొండ మండలం కప్పట్రాళ్ల పేరు ఒకప్పుడు ఫ్యాక్షన్‌తోనే వినిపించేది. 2008 మేలో జరిగిన దాడిలో 11 మంది హతమయ్యారు. ఆ కేసులో ఊరి మగవాళ్లు చాలామంది జైలుకు వెళ్లారు. తర్వాత కర్నూలు జిల్లా ఎస్పీగా వచ్చిన ఆకే రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకుని, పిల్లల చదువు మీద, బడి మీద దృష్టి పెట్టారు. ఒక పోలీసు అధికారి ఫ్యాక్షన్‌కు మందు బడిలో వెతకడం సరైన ఆలోచన. ఎగస్పార్టీ వాళ్ల పిల్లతో మాట్లాడొద్దని, మాట పడితే ఊరుకోకూడదని పిల్లలు నేర్చుకునేది ఇంట్లో, అరుగు మీద. దాన్ని మరిపించగల చోటు బడి ఒక్కటే.

ఇదే గాయం మన పిల్లల్ని ఇంకోరకంగానూ వెంటాడుతుంది. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఆది, ఇంద్ర వంటి సినిమాలు సీమ అంటే కత్తులూ బాంబులే అన్న బొమ్మను తెలుగునాడంతా గీశాయి. హైదరాబాదు, విజయవాడ కాలేజీల్లో చేరిన కడప పిల్లాడిని "మీ ఇంట్లో బాంబులున్నాయా" అని అడిగి నవ్వితే, వాడు మొదట తానూ నవ్వుతాడు. రోజూ అదే ప్రశ్న అయితే అది వేధింపే.

చూసేవాళ్ల చేతిలో మందు

వేధింపు దాదాపు ఎప్పుడూ పదిమంది ముందే జరుగుతుంది. కెనడాలో పరిశోధకులు ప్రాథమిక పాఠశాలల ఆటస్థలాల్లో కెమెరాలు పెట్టి గమనించారు. 2001లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం పదింట దాదాపు తొమ్మిది సంఘటనల్లో తోటి పిల్లలు అక్కడే ఉన్నారు. ఐదింట ఒకసారి కూడా వాళ్లు అడ్డుపడలేదు. అడ్డుపడినప్పుడు మాత్రం సగానికి పైగా సందర్భాల్లో వేధింపు పది సెకన్లలోపే ఆగిపోయింది. "వదిలెయ్ రా" అన్న ఒక్క మాటకు అంత శక్తి ఉంది. ఎందుకంటే ఏడిపించేవాడు కోరుకునేది చుట్టూ ఉన్నవాళ్ల నవ్వు. ఆ నవ్వు దొరకకపోతే వాడి గొప్ప అక్కడితో సరి.

ఫిన్లాండులోని తుర్కు విశ్వవిద్యాలయం ఈ సూత్రం మీదే కివా అనే కార్యక్రమాన్ని తయారుచేసింది. బాధితుడిని "ధైర్యంగా ఉండు" అనడంతో సరిపెట్టకుండా, చూస్తూ ఊరుకునే పిల్లల్ని కదిలించడమే దాని మూలం. అంతకుముందు నార్వేలో 1982 చివర ముగ్గురు అబ్బాయిలు ప్రాణాలు తీసుకున్నాక, 1983లో దేశమంతటా బడుల్లో వేధింపు వ్యతిరేక ఉద్యమం మొదలైంది. ఓల్వేయస్ పద్ధతిలో బడి నియమాలు స్పష్టంగా పెట్టి, విరామ సమయంలో పెద్దవాళ్లు ఆటస్థలంలో తిరుగుతూ, తరగతిలో వారం వారం మాట్లాడించారు. బెర్గెన్ నగరంలోని బడుల్లో వేధింపు దాదాపు సగానికి తగ్గింది. ఇందులో డబ్బుతో కొనాల్సింది ఏదీ లేదు. మన ఊరి బడిలోనూ చేయొచ్చు.

మరి మన పిల్లలు ఎందుకు చెప్పరు? చెబితే చాడీలకోరు అంటారు. వార్డెన్ ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి "నిజమేనా" అని అడుగుతాడు. ఆ రాత్రి ఏమవుతుందో చెప్పిన పిల్లాడికి తెలుసు. కాబట్టి పెద్దలు మొదట నేర్పాల్సిన తేడా ఇది: ఒకరిని ఇరికించడానికి చెప్పేది చాడీ, ఒకరిని కాపాడటానికి చెప్పేది సాయం.

బెత్తం నేర్పే పాఠం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002 ఫిబ్రవరిలోనే ఉత్తర్వు ఇచ్చి బడుల్లో కొట్టడాన్ని నిషేధించింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శరీరాన్ని శిక్షించడంతో పాటు మనసును వేధించడాన్నీ నిషేధించింది. అయినా గోడకుర్చీలు, గుంజీలు, మోకాళ్ల మీద నిలబెట్టడం పూర్తిగా పోలేదు. ఇంకో అలవాటు అంతకంటే ప్రమాదం. తరగతి లీడర్ చేతికి బెత్తం ఇచ్చి "మాట్లాడినవాళ్లను కొట్టు" అనడం, హాస్టల్లో జూనియర్ల మీద అదుపును సీనియర్లకు అప్పజెప్పడం. బలమున్నవాడు కొట్టొచ్చు అన్న పాఠాన్ని అక్కడ పెద్దలే చెబుతున్నారు. దాన్నే పిల్లలు బాత్రూంల దగ్గర అప్పజెబుతారు.

ఈ మాట ఉపాధ్యాయుల మీద నింద కాదు. కిక్కిరిసిన తరగతిలో ఒక్క మనిషి పడే శ్రమ చిన్నది కాదు, రాయచోటి విషాదం తర్వాత గురువుల భద్రత గురించి అడగడమూ న్యాయమే. అయితే ఆ భద్రత బెత్తంతో రాదు. కోపంతో రగిలే పిల్లాడిని ముందే గుర్తించి కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సెలర్ ఉంటే, గురువుకూ పిల్లలకూ ఇద్దరికీ రక్షణ.

చట్టం ఏమంటోంది

1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం కాలేజీలకే అనుకుంటారు చాలామంది. హాస్టళ్లు, అనాథాశ్రమాలు, ట్యుటోరియల్ సంస్థలు కూడా దాని కిందికి వస్తాయి. అవమానించి ఏడిపించినా ఆరు నెలల దాకా జైలు ఉంది. గాయపరిస్తే రెండేళ్ల దాకా. చావుకు కారణమైనా, ఆత్మహత్యకు ప్రేరేపించినా పదేళ్ల దాకా. తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాల్సిన భాగం ఇంకొకటి: ఫిర్యాదు అందగానే సంస్థ అధిపతి విచారణ జరపాలి. నిర్లక్ష్యం చేస్తే ఆ నేరానికి తోడ్పడినట్టే లెక్క.

వేధింపు లైంగికమైనదైతే 2012 పోక్సో చట్టం వర్తిస్తుంది. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. సంస్థ పరువు పోతుందని దాచిపెట్టిన అధిపతికి ఏడాది దాకా జైలు పడొచ్చు. కులం పేరుతో పదిమందిలో అవమానిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది.

విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. వేధింపు, ర్యాగింగ్ మీద రహస్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలి. ఇది బడులకూ, కోచింగ్ సెంటర్లకూ, హాస్టళ్లకూ వర్తిస్తుంది.

ఏడిపించే పిల్లాడూ పిల్లాడే అన్న సంగతి మరవకూడదు. పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల కేసులు బాలల న్యాయ మండలి ముందుకు వెళ్లేది అందుకే. చాలాసార్లు వాడు ఇంట్లో తిన్న దెబ్బనే ఇక్కడ ఇంకొకరికి ఇస్తున్నాడు. తప్పును తప్పని గట్టిగా చెప్పాలి, జరిగిన నష్టాన్ని వాడి చేతే సరిచేయించాలి. టీసీ ఇచ్చి పంపేస్తే సమస్య ఇంకో బడికి మారుతుంది, అంతే.

బడి చేయాల్సింది, ఇల్లు చేయాల్సింది

హెడ్మాస్టరు మొదట తెలుసుకోవాల్సింది వేధింపు జరిగే చోట్లు, వేళలు. పిల్లల చేతే పేర్లు లేకుండా కాగితాల మీద రాయిస్తే ఒక్క పూటలో తెలుస్తుంది. బాత్రూంల వెనక, భోజనం వరుసలో, రాత్రి స్టడీ అవర్ తర్వాత గదుల్లో పెద్దవాళ్లు తిరగాలి. ఫిర్యాదుల పెట్టె తాళం వార్డెన్ దగ్గర కాకుండా బయటి మనిషి దగ్గర ఉండాలి. ఫిర్యాదు చేసిన పిల్లను, ఆరోపణ ఉన్న పిల్లను ఎప్పుడూ విడివిడిగానే పిలవాలి. చిన్న తరగతుల పిల్లలకు, పెద్ద తరగతుల పిల్లలకు పడక గదులు వేరుగా ఉండాలి.

ఇంట్లో అమ్మానాన్నలు గమనించాల్సిన గుర్తులున్నాయి. సెలవు అయిపోతుంటే కడుపునొప్పి, వస్తువులు పదేపదే పోవడం, తిండి తగ్గడం, కారణం లేని మౌనం. "మగపిల్లోడివి, నువ్వూ ఒకటి తగిలించు" అనొద్దు. ముందు పూర్తిగా వినండి. తేదీలు, పేర్లు రాసుకోండి. ఫిర్యాదు కాగితం మీద ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. బడి పట్టించుకోకపోతే పిల్లల కోసం 1098, అత్యవసరమైతే 112 ఉన్నాయి. పిల్ల మనసు బాగా కుంగిపోయిందనిపిస్తే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. కడప మున్సిపల్ హైస్కూల్లో జరిగిన సమావేశానికి ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ హాజరయ్యారు. ఆ తర్వాత కూడా అలాంటి సమావేశాలు పెడుతున్నారు. సుగ్గికి పోయినవాళ్లు రాలేకపోతే అవ్వో, మామో వెళ్లాలి. మార్కులు అడిగిన తర్వాత ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. మా పిల్లకు కష్టం వస్తే ఎవరికి చెప్పాలి? చెప్పిన పిల్లను మీరెలా కాపాడతారు? రాత్రిపూట హాస్టల్లో ఏ పెద్దమనిషి ఉంటారు? ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పగలిగిన బడే మన పిల్లలకు భద్రమైన బడి. జవాబు దొరికేదాకా అడుగుతూనే ఉండండి.