నిచ్చెన బలం నేలలోనే

ముంబైలోని బాంద్రాలో 2019 జులై 22న తొమ్మిదంతస్తుల ఎంటీఎన్ఎల్ భవనంలో మంటలు రేగాయి. అగ్నిమాపక సిబ్బంది 84 మందిని ప్రాణాలతో కిందికి దించారు. అందులో హైడ్రాలిక్ నిచ్చెనలదే ప్రధాన పాత్ర.

జనం చూపంతా నిచ్చెన కొస మీదే ఉంటుంది. దాన్ని నడిపేవారి శిక్షణ మాత్రం నేల మీద మొదలవుతుంది. వాహనం ఆగగానే రెండు పక్కలా జాక్‌లు చాచి దించాలి. వాటి కింద మ్యాన్‌హోల్ మూత ఉన్నా, కొత్తగా పూడ్చిన గుంత ఉన్నా ముప్పే. కింద కుంగేది అంగుళమే అయినా పైన కొస అంతకు ఎన్నో రెట్లు ఒరుగుతుంది. అందుకే జాక్‌ల కింద పలకలు వేయడం తొలి పాఠం.

ఆ తర్వాతే పైకి చూడాలి: కరెంటు తీగలున్నాయా, గాలి ఎంత వేగంగా వీస్తోంది? నిచ్చెనను ఎంత పక్కకు చాచితే అది మోసే బరువు అంత తగ్గుతుంది. కిటికీ నుంచి భయంతో ఒక్కసారిగా బోనులోకి దూకబోయే వారిని నిలువరించి, వంతులవారీగా ఎక్కించడమూ నేర్చుకోవాలి. పరిమితి దాటితే సెన్సర్లు హెచ్చరిస్తాయి, యంత్రాన్ని ఆపేస్తాయి. కానీ జాక్ పెట్టబోయే చోట నేల గుల్లగా ఉందో లేదో తేల్చాల్సింది మనిషే.

ముంబై 90 మీటర్ల ఎత్తుకు వెళ్లే నిచ్చెనను కొనుక్కుంది. అయితే జాక్‌లు చాచాల్సిన చోట కార్లు నిలిపి ఉంటే ఎంత పొడవు నిచ్చెనైనా లేవదు.