నేవీలో ‘పెట్టీ ఆఫీసర్’.. ఆఫీసరేనా?

రాయగడ: ‘‘అబ్బాయి నేవీలో పెట్టీ ఆఫీసరండీ’’ అని మధ్యవర్తి చెప్పగానే పిల్లనిచ్చేవాళ్లకు రెండు అనుమానాలు. ఆఫీసరంటే పెద్ద కొలువేనా? మరి ముందు ఆ ‘పెట్టీ’ ఏంటి, పెట్టీ కేసులాగా? తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న విశాఖకు ఒక్క రైలెక్కితే చేరిపోయే కొరాపుట్, రాయగడ జిల్లాల తెలుగిళ్లలో నేవీ మాట కొత్తేం కాదు. హోదాల పేర్లే కొరుకుడుపడవు.

‘పెట్టీ’ ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. చిన్న అని అర్థం. హోదా మాత్రం మరీ చిన్నది కాదు, సైన్యంలో హవల్దారుతో సమానం. అలాగని కమిషన్డ్ ఆఫీసరూ కాదు, నావికుడే.

బంధువుల్లో ఆర్మీ మనిషి ఉంటే లెక్క సులువు. సీమన్ రెండో తరగతి, మొదటి తరగతి దాటాక లీడింగ్ సీమన్ అంటే నాయక్. పెట్టీ ఆఫీసర్ పైన చీఫ్ పెట్టీ ఆఫీసర్, అంటే నాయబ్ సుబేదార్. ఆపైన మాస్టర్ చీఫ్ పెట్టీ ఆఫీసర్లలో రెండో తరగతి సుబేదార్, మొదటి తరగతి సుబేదార్ మేజర్. 2023 డిసెంబరు 4న సింధుదుర్గ్‌లో ప్రధాని మోదీ ఈ పేర్లను భారతీయ సంప్రదాయానికి తగ్గట్టు మారుస్తామని ప్రకటించారు.

హోదా వేరు, పని వేరు. ఇంజిన్ మెకానిక్, ఎలక్ట్రికల్, చెఫ్, స్టీవార్డ్.. అంతా ఈ మెట్లే ఎక్కుతారు. ‘వంటోడేనట’ అని తీసిపారేస్తే పొరపాటే. చెఫ్‌లలోనూ చీఫ్ పెట్టీ ఆఫీసర్లుంటారు.

కొరాపుట్ వైపు ఇంకో తికమక ఉంది. సునాబెడలో నేవీ ఆయుధాల డిపో ఉంది. అక్కడి ట్రేడ్స్‌మన్ మేట్, ఛార్జ్‌మన్ లాంటివి సివిలియన్ కొలువులు. వాళ్లు నావికులు కారు, ఆ మెట్లూ లేవు. ఇద్దరూ ‘నేవీ జాబే’ అంటారు, ఇద్దరిదీ నిజమే!

ఇప్పుడు తొలి మెట్టు అగ్నివీర్

అసలు మెలిక 2022తో మొదలైంది. టెన్త్‌తో ఎంఆర్, లెక్కలు, ఫిజిక్స్‌తో ప్లస్‌టూ అయితే ఎస్ఎస్ఆర్.. ఏ దారిన వెళ్లినా చేరేది అగ్నివీర్‌గానే. రాతపరీక్ష హిందీ, ఇంగ్లిష్‌లోనే. తెలుగూ లేదు, ఒడియా లేదు. శిక్షణ ఖుర్దా జిల్లాలోని ఐఎన్ఎస్ చిలికాలో. హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ భువనేశ్వర్‌కు వెళ్లే దారే అది. అక్కడ 2023 మార్చి 28న జరిగిన తొలి అగ్నివీర్ల పరేడ్‌లో సుమారు 2,600 మంది నడిచారు. వారిలో 270 మందికి పైగా అమ్మాయిలే.

జీతం మొదటి ఏడాది నెలకు రూ.30 వేలు, నాలుగో ఏడాది రూ.40 వేలు. అందులో 30 శాతం సేవానిధికి పోతుంది. పథకం ప్రకారం నాలుగేళ్లయ్యాక 25 శాతం మందికి మించి ఉంచుకోరు. మిగతావాళ్లు వడ్డీతో కలిపి సుమారు రూ.11.71 లక్షలు తీసుకుని ఇంటికి రావాల్సిందే. పింఛను ఉండదు. అంటే లీడింగ్ సీమన్, పెట్టీ ఆఫీసర్ మెట్లు దొరికేది ఆ పాతిక శాతానికే.

కాబట్టి సంబంధం వస్తే ముందు అడగాల్సింది హోదా కాదు, ఏ ఏడాది చేరాడని. అగ్నివీర్లకు ఆ నాలుగేళ్లూ పెళ్లి కుదరదు. 2022 చివర్లో చేరిన తొలి బ్యాచ్ గడువు 2026 చివరికి.