నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు

"దేవుడున్నాడని నమ్ముతున్నా, చాలదా అన్నా?" అని అడుగుతున్నారు. యాకోబు 2:19 తీయండి. దయ్యాలు కూడా అంతవరకు నమ్ముతాయి, వణుకుతాయి. కానీ ఆయన్ని నమ్ముకోవు. తేడా అక్కడుంది.

అపొస్తలుల కార్యములు 16లో ఫిలిప్పీ చెరసాల నాయకుణ్ణి చూడండి. భూకంపానికి తలుపులు తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకుని చావబోయాడు, పౌలు ఆపాడు. రక్షణకు ఏం చేయాలని అడిగితే పౌలు, సీల పనుల లిస్ట్ ఇవ్వలేదు. ప్రభువైన యేసు మీద విశ్వాసముంచమన్నారు, అంతే. వాళ్ల కాళ్లకు బొండ వేసినవాడే ఆ రాత్రి వాళ్ల గాయాలు కడిగాడు.

కడిగినందుకు రక్షణ రాలేదు. నమ్ముకున్నాడు కాబట్టే కడిగాడు.

నేనూ చాలాకాలం వాక్యాలు కంఠతా వస్తే విశ్వాసమే అనుకున్నాను. అది సమాచారం మాత్రమే. మీరు ఎవరిని నమ్ముకున్నారు? ఈ రాత్రి ఒక్కసారి ఆలోచించండి.